కుండీలో పుష్ప కైంకర్యం

తిరుమల ఆలయ మహాద్వారం దాటేటప్పుడు ఒక్కసారి తల ఎత్తి చూడండి. అక్కడ ఒక ఇనుప గునపం కనిపిస్తుంది. కత్తి, గద, చక్రం వంటి ఆయుధమేదీ కాని ఆ గునపానికి శ్రీవారి వాకిట అంతటి స్థానం దక్కడానికి కారణం ఒక పూలతోట. శ్రీమద్రామానుజుల వారు శ్రీరంగంలో శిష్యులను చూసి, తిరుమల కొండ మీద ఉండి స్వామికి పుష్ప కైంకర్యం చేయగలవారెవరని అడిగితే, చలికీ అడవికీ వెరవక ముందుకు వచ్చినవాడు అనంతాళ్వాన్. ఆయన తోటకు నీరు కావాలని చెరువు తవ్వసాగాడు. నిండు గర్భిణి అయిన భార్య మట్టి తట్టలు మోసింది. ఆమె అవస్థ చూడలేక ఒక బాలుడు వచ్చి తట్ట అందుకున్నాడు. ఈ సేవలో మూడో మనిషికి చోటులేదని భావించిన అనంతాళ్వాన్ ఆగ్రహంతో గునపం విసిరాడు, అది బాలుని గడ్డానికి తగిలింది. ఆపైన గర్భాలయంలో స్వామివారి చుబుకం నుంచి రక్తం కారడం చూసి, ఆ బాలుడెవరో గ్రహించి, గాయానికి పచ్చకర్పూరం అద్దాడని ఐతిహ్యం. శ్రీవారి గడ్డాన నేటికీ మెరిసే పచ్చకర్పూరపు చుక్క వెనుక ఉన్నది ఈ కథే.

ఈ పరంపరలో అనంతాళ్వాన్ ఒంటరివాడు కాడు. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు తులసి వనం పెంచాడు, ఆ వనంలోనే గోదాదేవి దొరికింది. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రచించింది ఆ తోటమాలి ఇంటి కథతోనే. శ్రీరంగంలో తొండరడిప్పొడి ఆళ్వారు, అంటే మన విప్రనారాయణుడు, పూలమొక్కల నడుమనే జీవితం గడిపాడు. వీరంతా పువ్వులు సమర్పించినవారే గాక, పువ్వులను పెంచినవారు కూడా. మట్టి తవ్వి, నీరు పోసి, మొగ్గ కోసం నిరీక్షించి, విరిసిన నాడు స్వామి పాదాల చెంత ఉంచడం వరకు అంతా వారి దృష్టిలో ఒకే పూజ.

మరి మన సంగతి? రాజమహేంద్రవరంలో పెంకుటిళ్లూ వాటి వెనుక పెరళ్లూ తరిగి, అపార్టుమెంట్లు పెరిగాయి. నందివర్ధనం, గన్నేరు, మందారం ఉన్న పెరడు ఒకప్పుడు ప్రతి ఇంటా ఉండేది. ఇప్పుడు మూడో అంతస్తులో ఉన్న గృహిణికి మిగిలింది నాలుగడుగుల బాల్కనీ. అందుకే మన వీధులలో తెల్లవారుజామున ఒక దృశ్యం నిత్యకృత్యమైంది. నడకకు బయలుదేరినవారి చేతిలో ఒక సంచీ, ఒక్కొక్కరి చేతిలో కొక్కెం కట్టిన కర్ర కూడా ఉంటాయి. ప్రహరీ మీదుగా వంగిన కొమ్మ ఏదైనా సరే, అది దేవుడిదే అన్న ధీమా. ఆ మొక్కను పెంచిన ఇల్లాలు స్నానం ముగించి సజ్జతో బయటకు వచ్చేసరికి చెట్టు బోడిగా ఉంటుంది. ఆమె దేవుడికి ఆ పూట అక్షతలే గతి. ఒక ఇంటి పూజను ఆపి మరొక ఇంట చేసే పూజ ఎలాంటిదో కొక్కెం పట్టినవారే ఆలోచించుకోవాలి. ఈ మాట కటువుగా తోస్తే మన్నించండి, కానీ ఎవరో ఒకరు అనవలసిన మాట.

ఇక అంగడి పువ్వుల మాట. శ్రావణ శుక్రవారాలు, వినాయక చవితి, దసరా వచ్చాయంటే మూర పూల ధర ఎలా ఎగబాకుతుందో మీకు చెప్పనక్కరలేదు. పైగా ఆ పువ్వు ఎన్నడు కోసినదో, దానిపై ఏ మందు చల్లారో మనకు తెలియదు. గీతలో భగవానుడు కోరిన నాలుగు వస్తువులలో ఆకు, పండు, నీటితో పాటు పువ్వు ఉంది. వాటిలో ఏదీ డబ్బున్నవారికే సాధ్యమైనది కాదు. ఆ పువ్వును మీ బాల్కనీలోనే పూయించుకునే మార్గం ఒకటి ఉంది, అది దుంపలు నాటడం.

కుండీలో పూచినది పూజకు పనికివస్తుందా?

కొందరు పెద్దలకు ఈ సందేహం కలుగుతుంది. దీనికి సమాధానం మన ముంగిటనే ఉంది. తులసి కోట అంటే ఏమిటి? ఇటుకలతో కట్టి, మట్టి నింపి, నడుమ మొక్క నాటిన కుండీయే కదా! ఆ కోటలోని దళం శ్రీహరికి ప్రీతి అయినప్పుడు, పక్కనున్న కుండీలోని పువ్వుకు అభ్యంతరం ఎందుకుంటుంది? శుచిగా పెంచాలి, శుచిగా కోయాలి. నియమమంతా అంతే.

దుంపలనే ఎందుకు ఎంచుకోవాలంటే, తోటపని ఎరుగనివారికి అవి ఎంతో అనుకూలం. విత్తనానికి మొలిచిన లేత మొక్క రెండురోజులు ఏమరితే చాలు, వాడిపోతుంది. దుంప అలా కాదు. తన తొలి ఆకులకు కావలసిన ఆహారాన్ని తానే లోపల దాచుకుని ఉంటుంది. మీరు వారం రోజులు తీర్థయాత్రకు వెళ్లివచ్చినా అది మట్టిలో ఓపికగా వేచి ఉంటుంది. దానికి హాని చేసేది మన అశ్రద్ధ కంటే ఎక్కువగా మన అతిశ్రద్ధే. రోజూ చెంబెడు నీళ్లు పోసి కుళ్లబెట్టిన దుంపలే ఎక్కువ.

ముందుగా ఒక హెచ్చరిక. ట్యులిప్, డాఫొడిల్ పూల బొమ్మలు చూసి ముచ్చటపడి ఆ దుంపలు తెప్పించుకోకండి. అవి శీతల దేశాల పువ్వులు. మట్టిలో మూడు నాలుగు నెలల పాటు గట్టి చలి అనుభవిస్తేనే వాటికి మొగ్గ వస్తుంది. 2007లో శ్రీనగర్‌లో దాల్ సరస్సు సమీపాన తెరచిన తోటలో అవి విరగబూస్తాయంటే అది కాశ్మీరపు చలి మహిమ. గోదావరి తీరంలో మాఘమాసపు చలి కూడా వాటికి వేసవి వంటిదే. మన నేలకూ మన పూజకూ తగిన దుంపలు వేరే ఉన్నాయి. ద్రౌపది కోరిన సౌగంధిక పుష్పం కోసం భీమసేనుడు గంధమాదనం దాకా వెళ్లవలసి వచ్చింది. మీరు కడియపులంక దాకా వెళితే చాలు. జాతీయ రహదారి వెంట వరుసగా ఉన్న ఆ నర్సరీలు దేశమంతటికీ మొక్కలు పంపుతున్నాయి. మన ఊరి నుంచి గంట ప్రయాణం కూడా ఉండదు. దుంపను చేతిలోకి తీసుకుని మెల్లగా నొక్కి చూడండి. ఉల్లిపాయలా గట్టిగా ఉండాలి. మెత్తబడినా, బూజు పట్టినా వద్దనండి.

నేల సంపెంగ

పూలదుకాణంలో లిల్లీ అని మనం కొనే తెల్లని, సువాసన గల పువ్వే నేల సంపెంగ. ఉత్తరాదివారు రజనీగంధ అంటారు. సంధ్య దాటాక దీని పరిమళం హెచ్చుతుంది గనుక ఆ పేరు తగినదే. రాత్రివేళ తిరిగే చిమ్మటలను ఆకర్షించడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు అది. దీని పుట్టిల్లు మెక్సికో. వృక్షశాస్త్రజ్ఞులు ఇప్పుడు దీన్ని కిత్తనార ప్రజాతిలో చేర్చారు. పురాణాలలో పేరు లేని పరదేశపు పువ్వు మన దేవుళ్ల మెడలో మాలగా ఎలా చేరిందని ఆశ్చర్యం కలగవచ్చు. తెలుపు, సుగంధం అనే రెండు గుణాలే దానికి ఆ అర్హత ఇచ్చాయని నాకు తోస్తుంది.

దీనిలో ఒంటిరెక్కది, ముద్దది అని రెండు రకాలు. పూజకూ మాలలకూ ఒంటిరెక్కదే మేలు, వాసన దానికే ఎక్కువ. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన శృంగార్, ప్రజ్వల్ ఒంటిరెక్క రకాలు. సువాసిని, వైభవ్ ముద్ద రకాలు. నర్సరీలో ఈ పేర్లతో అడగండి.

12 అంగుళాల కుండీ తీసుకోండి. అడుగున రంధ్రం తప్పనిసరి. దానిపై ఒక కుండపెంకు బోర్లించండి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక కలపండి. కోనసీమ కొబ్బరి పొట్టు దొరికితే గుప్పెడు వేయవచ్చు, అంతకు మించితే వానకాలంలో తడి ఆరదు. వేపపిండి రెండు గుప్పెళ్లు కలపడం మరువకండి, వేళ్లను పట్టే నులిపురుగులకు అది విరుగుడు. అంగుళం మందం ఉన్న దుంపలను నాలుగింటిని, మొన పైకి ఉండేలా, రెండు అంగుళాల లోతున ఉంచి మట్టి కప్పండి. ఒక్కసారి నిండుగా నీరు పోయండి. ఇక మొలక కనిపించే వరకు, అంటే రెండు మూడు వారాలు, మట్టి పైపొర బాగా ఎండితే తప్ప చెంబు పట్టుకోవద్దు. ఈ రెండు వారాలే కొత్తవారికి పెద్ద పరీక్ష. ఏమీ జరగడంలేదని ప్రతిరోజూ వేలితో తవ్వి చూసేవారు ఉన్నారు, అది కూడదు.

రోజుకు ఆరు గంటల ఎండ తగలాలి. నాటిన మూడు నెలలకు సుమారుగా పూల కాడ వస్తుంది. ఈ లెక్కను పంచాంగంతో కలిపి చూసుకోండి. చైత్రమాసంలో నాటితే శ్రావణానికి కాడ పైకి వస్తుంది. మృగశిర కార్తెలో నాటినవి భాద్రపద, ఆశ్వయుజాలకు, అంటే వినాయకుడికీ అమ్మవారికీ అందుతాయి. పదిహేను రోజుల తేడాతో రెండేసి కుండీలు నాటుకుంటే పండుగల కాలమంతా పువ్వుకు కొరత ఉండదు. కాడ మీది మొగ్గలు కింది నుంచి పైకి క్రమంగా విచ్చుతాయి. కాడను కోయకుండా, ఏ పూటకు విచ్చిన పువ్వులు ఆ పూటకు తెంపుకుంటే ఒక్క కాడ చాలా రోజులు సేవ చేస్తుంది.

ఒక రహస్యం కూడా చెప్పాలి. ఒకసారి పూసిన దుంప మళ్లీ పూయదు. అది చూసి చాలామంది కుండీని బోర్లిస్తారు. కానీ ఆ తల్లిదుంప చుట్టూ అప్పటికే పిల్లదుంపలు పుట్టి ఉంటాయి. తరువాతి కాడలు వాటివే.

శ్రీమహాలక్ష్మి పీఠం మీ తొట్టిలో

మన పూజలో కమలానికి సాటి లేదు. మొసలికి చిక్కిన గజేంద్రుడు ప్రాణాలు కడపట్టిన వేళ కూడా తొండంతో ఎత్తి సమర్పించినది కమలాన్నే. శివుని వేయి కమలాలతో అర్చిస్తూ ఒకటి తక్కువైతే, తన నేత్రాన్నే పెకలించి ఇవ్వబోయినవాడు పుండరీకాక్షుడు. అటువంటి పువ్వు చెరువులకే పరిమితమని అనుకోనక్కరలేదు. 18 లేక 20 అంగుళాల వెడల్పు గల తొట్టిలో అది చక్కగా పూస్తుంది.

మొదట తామరకూ కలువకూ భేదం తెలుసుకోండి. వరలక్ష్మీ వ్రతం ముందునాడు సంతలో కలువను తామరగా అంటగట్టడం మామూలే. కలువ ఆకు నీటి మీద పరుచుకుని, అంచున ఒక చీలికతో ఉంటుంది. ముదిరిన తామర ఆకు నీటికి పైన గొడుగులా నిలుస్తుంది, చీలిక ఉండదు, నీటిబొట్టు దానిపై ముత్యంలా దొర్లుతుంది. ఎర్ర, తెల్ల కలువలలో మన దేశవాళీవి రాత్రి విచ్చి, ఎండ ముదిరేసరికి ముడుచుకుంటాయి. చంద్రుడికి కలువనూ సూర్యుడికి తామరనూ జతచేసిన కవుల మాటలో ఎంతో నిజముంది.

తామర తొట్టికి మాత్రం అడుగున రంధ్రం ఉండకూడదు. మట్టి విషయంలో గోదావరి వాసుల అదృష్టమే అదృష్టం. తామరకు కావలసింది జిగురుగా ఉండే ఒండ్రుమట్టి. కాటన్ దొర ధవళేశ్వరం వద్ద 1852లో ఆనకట్ట పూర్తి చేయించిన నాటి నుంచి డెల్టా కాలువలు మోసుకొస్తున్న మట్టి అదే. వేసవిలో కాలువలు కట్టేసే రోజులూ, తామర దుంప నాటే అదనూ దాదాపు ఒకటే. ఊరిలో తెలిసిన రైతు ఉంటే గమేళా మట్టి అడిగి తెచ్చుకోండి. గాజుపెంకులు, ప్లాస్టిక్ ముక్కలు ఏరివేయండి. కుండీ మిశ్రమాలు, కొబ్బరి పొట్టు ఇక్కడ పనికిరావు, అవి నీటిపై తేలిపోతాయి.

తొట్టిలో మట్టి ఆరేడు అంగుళాలు నింపి, నీటితో తడిపి బురద చేయండి. దుంపను నిలువుగా గుచ్చకూడదు. అడ్డంగా, తొట్టి అంచు దగ్గర పడుకోబెట్టి, నడుము మీద కొద్దిగా మట్టి కప్పి, మొలక మొనను బయటకు వదలండి. ఆ మొన విరిగితే దుంప దాదాపు వృథా అయినట్టే, కనుక చంటిబిడ్డను పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకోవాలి. పైన రెండు మూడు అంగుళాల నీరు మెల్లగా పోయండి. తొలి ఆకులు నాణేలంత ఉండి నీటిపై తేలుతాయి, ఆపై నిలువు కాడల ఆకులు వస్తాయి. ఆకులు పెరిగే కొద్దీ నీటి మట్టం పెంచండి. నిలువు ఆకులు నాలుగైదు వచ్చే వరకు ఏ ఎరువూ వేయవద్దు. ఆత్రపడి ముందే వేస్తే లేత వేళ్లు మాడతాయి, నీరు పాచిపడుతుంది. ఆరు గంటలకు తగ్గని ఎండ దీనికీ అవసరం. ఎండ లేని బాల్కనీలో ఆకులే గాని పువ్వు రాదు, అలాంటి చోట ఈ ప్రయత్నం చేయకపోవడమే మంచిది. అన్నీ కుదిరితే రెండు మూడు నెలలలో మొగ్గ నీటిపైకి వస్తుంది. పువ్వు మూడు నాలుగు రోజులు ఉదయం విచ్చుతూ, తరువాత ముడుచుకుంటూ ఉంటుంది. కోసేటప్పుడు కాడను నీటి మట్టానికి పైననే కోయండి. తామర కాడలో గాలి గొట్టాలు ఉంటాయి. నీటిలోపల కోస్తే వాటిలోకి నీరు చేరి దుంప చెడవచ్చు.

గింజలతో పెంచవచ్చా అని అడుగుతారు. పెంచవచ్చు. తామర గింజ ఆయుష్షు అంత ఇంత కాదు. ఈశాన్య చైనాలో ఎండిన సరస్సు అడుగున దొరికిన సుమారు 1300 ఏళ్ల నాటి గింజను శాస్త్రవేత్తలు మొలకెత్తించారు, ఆ వివరాలు 1995లో ప్రకటించారు. కానీ గింజ నల్లని పెంకును ఒక కొన వద్ద అరగదీస్తేనే నీరు లోపలికి వెళుతుంది, పువ్వుకు ఆలస్యమవుతుంది, తల్లి రంగే వస్తుందన్న హామీ కూడా లేదు. తొలి ప్రయత్నానికి దుంపే మేలు.

రెండు జాగ్రత్తలు ఉన్నాయి. నిలిచిన మంచినీటిలోనే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. తొట్టిలో నాలుగు గప్పీ చేపలు వదలండి, దోమ పిల్లలను అవి తినేస్తాయి. చేపలున్న నీటిలో మందులు కలపకూడదు. ఇక రెండోది బరువు. 50 లీటర్ల తొట్టి మట్టితో, నీటితో నిండితే 60 కిలోలు దాటుతుంది. డాబా మీద దూలం వెళ్లే చోట, గోడ దగ్గర ఉంచాలి. ముందుకు పొడుచుకువచ్చిన బాల్కనీ అంచున వద్దు. అద్దె ఇల్లయితే ఇంటివారిని అడిగి పెట్టండి.

ఎండ తక్కువ, చోటు తక్కువ అనుకునేవారికి వాన లిల్లీ ఉంది. ఎనిమిది అంగుళాల కుండీలో పది చిన్న దుంపలు నాటితే తొలకరి పడిన కొద్దిరోజులకే గులాబి, తెలుపు పూలు లేస్తాయి. వాసన లేదు, ఒకటి రెండు రోజుల ఆయుష్షు. అమ్మవారికి ఎర్రపూలు కావాలంటే మెట్టతామర సులువైనది, కాకపోతే పెద్ద కుండీ కావాలి, నీరు ధారాళంగా పోయాలి. అడవినాభి పువ్వు అగ్నిశిఖలా అందంగా ఉంటుంది, తమిళనాడుకు అదే రాష్ట్ర పుష్పం. కానీ దాని దుంప ప్రాణాంతకమైన విషం. పిల్లలున్న ఇంట దాన్ని తేవద్దు. వాన లిల్లీ దుంప కూడా నోట పెట్టదగినది కాదు, చిన్నపిల్లలకు అందని ఎత్తులో ఉంచండి.

దుంపజాతులకు ఎముకల పొడి వేయమని నర్సరీలలో సలహా ఇస్తారు. పూజకు పెంచే మొక్కకు అది వేయడానికి మనసొప్పనివారు చాలామంది. వేయనంత మాత్రాన పువ్వు ఆగదు. చివికిన ఆవుపేడ ఎరువు, వేపపిండి, నెలకొక గుప్పెడు వర్మీకంపోస్టు సరిపోతాయి. ఆకుల మొదట తెల్లని పిండినల్లి కనిపిస్తే లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త కుంకుడుకాయ రసం కలిపి సాయంవేళ చల్లండి.

అభిషేకజలం సంగతి చాలామంది అడుగుతారు. కేవలం నీరయితే నిశ్చింతగా మొక్కకు పోయండి. పంచామృతం మాత్రం పోయకండి. పాలూ తేనే చేరిన మట్టికి చీమలు పడతాయి, దుంప పుల్లబడి కుళ్లుతుంది. దాన్ని బాగా పలుచన చేసి పెద్దచెట్టు మొదట పోయడం మంచిది. నిర్మాల్యాన్ని పాలిథిన్ సంచీలో కట్టి, వంతెన మీద బండి ఆపి గోదావరిలోకి విసిరే అలవాటు ఇకనైనా మానుదాం. దారాలు తీసివేసి, పూలరేకులు తుంచి, ఎండుటాకులతో కలిపి ఒక పాత కుండీలో వేసి మూత పెట్టండి. రెండు మూడు నెలలకు నల్లని ఎరువు సిద్ధమవుతుంది. స్వామి మెడలో వాడిన పువ్వు మరుసటి ఏటి పువ్వుకు ఆహారమవుతుంది. తిరుపతిలో కూడా ఆలయాలలో వాడిన పూలతో 2021 నుంచి అగరువత్తులు తయారుచేస్తున్నారు.

రోహిణి కార్తె ఎండలకు డాబా పెనంలా కాలుతుంది. కుండీలను ఇటుకల మీదికి ఎత్తి, మధ్యాహ్నం నీడపడే వైపుకు జరపండి. నీరు ఉదయమే పోయండి. కార్తికం దాటాక నేల సంపెంగ ఆకులు పసుపుబారతాయి, తామర ఆకులు ఒక్కొక్కటే ఎండుతాయి. మొక్క చచ్చిపోయిందని బెంగపడవద్దు, అది నిద్రకాలం. సంపెంగకు నీరు బాగా తగ్గించండి, తామర తొట్టిలో మాత్రం మట్టి మునిగే పాటి నీరు ఎప్పుడూ ఉండాలి. రెండు మూడేళ్లకు కుండీ దుంపలతో కిక్కిరిసి పూత తగ్గుతుంది. అప్పుడు మాఘ, ఫాల్గుణాలలో కుండీ బోర్లించి, దుంపలు విడదీసి, నీడలో వారం పదిరోజులు ఆరబెట్టండి. లావైనవి మళ్లీ నాటుకోగా ఇంకా చాలా మిగులుతాయి. పసుపు కుంకుమలతో పాటు నాలుగేసి దుంపలు పొట్లం కట్టి ఇరుగుపొరుగు వారికి ఇవ్వండి, తెల్లవారుజామున కొక్కెం కర్రతో వచ్చేవారికి ముందుగా.